నాలుగో కాలు

నేను ఒక రాసుకునే బల్లను. రంగూను నుంచి ఓడలో టేకు దుంగగా వచ్చి, కాకినాడలో ఓ వడ్రంగి చేతిలో బల్లనయ్యాను. ఆరు సొరుగులు, పైన ఉత్తరాలు పెట్టుకునే చిన్న గూళ్లు, నాలుగు కాళ్లకీ లతలు చెక్కిన పనితనం. నన్ను చేసినాయన పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు. చేయించుకున్న ప్లీడరు గారి పేరు మాత్రం ఇత్తడి రేకు మీద చెక్కించి నా నుదుటికి బిగించారు. మనుషుల తీరే అంత.

ప్లీడరు గారు నా మీద ఎన్నో అబద్ధాలు ముత్యాల్లాంటి దస్తూరీతో రాశారు. తర్వాత ఆడపిల్లల బడికి చేరాను. హెడ్‌మిస్ట్రెస్ సుగుణమ్మ గారు ముప్పై ఏళ్లు నా మీదే పరీక్ష పేపర్లు దిద్దారు. ఆవిడ రిటైరయ్యాక నన్ను స్టోరు గదిలో పడేశారు. ఓ తుఫానుకి గదిలోకి నీళ్లొచ్చాయి; నీళ్ల వెనకే చెదలు. వెనక ఎడమకాలు గుల్లయిపోయింది.

అలా కుంటుతున్న నన్ను జగన్నాథపురంలో పాత సామాన్ల కొట్టు నడిపే హబీబ్ సాయిబు కొన్నాడు. పాత కుర్చీలూ మంచాలూ బాగుచేయించి విదేశాల వాళ్లకి అమ్మడం ఆయన వ్యాపారం. బాగుచేసేవాడు ఆచారి. సన్నగా, మాట తక్కువగా ఉండే వడ్రంగి. ఇరవై రెండేళ్లుగా కొట్టు వెనక రేకుల షెడ్డులో పని.

ఆచారి నన్ను చూసి రెండు రోజులు ఉలి ముట్టలేదు. మిగతా మూడు కాళ్ల మీద లతల్ని వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు. తర్వాత ఓ పాత దూలంలోంచి నా వయసు టేకు ముక్క వెతికి తెచ్చి ఎనిమిది రోజులు చెక్కాడు. అతికాక నాకే తెలియలేదు, ఏది కొత్త కాలో.

ఆ వారమే బెల్జియం నుంచి అన్‌లీస్ అనే ఆవిడ వచ్చింది. పాత కలప సామాను సేకరించడం ఆవిడ పిచ్చి. నాతో పాటు ఇంకో పది వస్తువులు చూడ్డానికి వచ్చింది. ఏడాదిగా బేరాల్లేవు సాయిబుకి. ఆవిడ కొనకపోతే కొట్టు మూసెయ్యాల్సిందే.

ఆవిడ టార్చి వేసుకుని నా కిందకి దూరింది. బయటికొచ్చి నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో అంది. సాయిబు పొంగిపోయాడు.

"నాలుగు కాళ్లూ ఒకే చేతి పనంట ఆచారీ! అంతా అసలుదే అని చెప్పేశా."

ఆచారి తల అడ్డంగా ఊపాడు. "కాదు కదండీ. మూడు మొదట చేసినాయనవి. ఒకటి నాది."

"నీకు పుణ్యముంటుంది, ఊరుకో."

"ఎనిమిది రోజులు చేశానండీ. చెయ్యలేదని ఎలా ఊరుకోను?"

అని వంగి, వెనక ఎడమకాలి మీద అరచెయ్యి వేశాడు. అదే చెయ్యి తన గుండె మీద పెట్టుకున్నాడు. ఆవిడకి తెలుగు రాదు. కానీ అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. సాయిబు వంక ఓసారి చూసి వెళ్లిపోయింది.

"నీ నిజాయితీతో ఇద్దరం రోడ్డున పడ్డాం, చాలా?" అన్నాడు సాయిబు. ఆచారి షెడ్డులోకి పోయి ఉలి నూరుతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ భూతద్దంతో తిరిగొచ్చింది. అరగంట వెతికింది. అతుకు దొరకలేదు. చివరికి నేల మీదే చతికిలబడి, అతుకెక్కడో చూపించమని ఆచారికి సైగ చేసింది. ఆయన గోటితో ఓ లత ఆకు అంచు వెంబడి గీత గీశాడు. ఆవిడ చాలాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత సాయిబుకి చెప్పింది: అన్నీ తీసుకుంటాను. కానీ ప్రతి వస్తువుకీ ఏది పాతదో, ఏది బాగుచేసిందో, ఎవరు చేశారో కాగితం రాసివ్వాలి.

సాయిబు నా మీదే కాగితం పెట్టుకుని కలం తీశాడు. రెండు ముక్కలు రాసి ఆగిపోయాడు. తలెత్తకుండా, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆచారీ... నీ పూర్తి పేరేంటి?"

ఇరవై రెండేళ్ల తర్వాత అడిగిన మాట. ఆచారి కూడా ఓ క్షణం తడుముకున్నాడు.

"లక్కోజు సోమలింగాచారి అండీ."

సాయిబు ఇంగ్లీషులో రాశాడు. "ఇందులో మా ఇంటిపేరు ఎక్కడుందండీ?" అంటే వేలు పెట్టి చూపించాడు. ఆచారి ఆ అక్షరాల కేసి వంగి, తడి సిరా అంటకుండా చూసుకున్నాడు.

నూరేళ్లు దాటిన వస్తువుల్ని దేశం దాటనివ్వరట. నాకింకా నూరేళ్లు నిండలేదని అధికారులు తేల్చి పంపనిచ్చారు. ముసలితనం చాలకపోవడం నాకలా కలిసొచ్చింది. గడ్డి దట్టించి, నన్ను చెక్కపెట్టెలో దించి, చుట్టూ మేకులు కొట్టారు. ఇప్పుడు చల్లటి దేశంలో, కిటికీ పక్కన ఉంటున్నాను. ఇక్కడి వాళ్ల మాటలు ఇంకా అంతుబట్టడం లేదు. ఆ రోజు పెట్టె మూత పడుతుండగా బయట సాయిబు గొంతు వినపడింది.

"సోమలింగం గారూ, పని ఆపి రండి. టీ చల్లారిపోతోంది."

నేను విన్న ఆఖరి తెలుగు మాట అదే.