పేరినమంచుపై నడుగులు

పుష్యమాసమున నొక ప్రాతఃకాలమందు చీకటికొండ శిఖరతలముననున్న గోల్ఫు మైదానమంతయు రేయి పేరిన మంచుచే నాచ్ఛాదితమై చాకలి యారవేసిన దుప్పటివలె తెల్లనై నిశ్శబ్దమై నిశ్చలమై యొప్పుచుండెను. దిగువ కాఫీతోటలనుండి యెగబ్రాకిన పొగమంచు క్లబ్బుభవనపు మెట్లకడకు వచ్చి యచటనే చతికిలబడెను. సూర్యుడింకను తూర్పుకొండ మాటుననే యుండెను. భవనాగ్రమున మాత్రము చిన్నదియు మాసినదియు నగు నొక యెఱ్ఱజెండా గాలిలేక వ్రేలాడుచుండెను.

ఆ జెండా పైనున్నంతవఱకు గ్రీనుపై, అనగా బంతిని మెల్లగా దొరలించి గుంటలో వేయుటకై తివాచీవలె కత్తిరించి పెంచిన పచ్చికపట్టుపై, మనుష్యుడుగాని మనుష్యుని కుక్కగాని కాలు మోపరాదు. పేరిన మంచుక్రింద గడ్డిపోచలు పెళుసుబారి త్రొక్కినంతనే లోలోపల విరిగిపోవును. మంచు కరగగానే యడుగుజాడ మాయమై పచ్చిక యెప్పటివలెనే నవనవలాడుచు కనబడుటచే త్రొక్కినవాడు గండము గడచినదని గుండెపై చేయివేసికొనును. కాని కొన్నాళ్లకు ఆ పాదములు నల్లగా మాడి బయటపడి తొలకరి పడువఱకు మానక లోకమునకు సాక్ష్యమిచ్చుచుండును.

జెండా నతిక్రమించినవానికి ఆ శీతకాలమంతయు క్లబ్బునుండి బహిష్కారమని శాసించినవాడు క్లబ్బు కెప్టెను దివాకర్ల పరబ్రహ్మశాస్త్రిగారు. విశ్రాంత న్యాయాధిపతియు ధవళశ్మశ్రువిరాజితుడును నియమైకజీవితుడును నగు నాయన యెదుట ఆటవేళ తుమ్ము వచ్చినవారు తుమ్మును మ్రింగుచుండిరి. ఎదుటివాడు బంతిపై దృష్టి నిలిపినపుడు మన మాటయేకాదు మన నీడయైనను వానిపై పడరాదని యాయన బోధించెడివాడు. ముందటియేట సొంత వియ్యంకుడే యేమఱుపాటున జెండా చూడక గ్రీను త్రొక్కగా మొగమోటమించుకయు లేక వెలివేసెను. నాటినుండి కూతురు పుట్టింటి గడప త్రొక్కలేదు. అయినను న్యాయము న్యాయమే యని యాయన యనుకొనెడివాడు. అనుకొని రాత్రులు నిదురలేక దొర్లెడివాడు.

ఇట్టి శాస్త్రిగారికి తీరని కోరిక యొకటి కలదు. ఇన్నేండ్ల యాటలో శీతకాలపు కప్పు ఆయన చేతికి రాలేదు. ఆ యేడు తుదిపోటీ ఆయనకును ఆయనకడనే యాట నేర్చిన కాఫీతోటల యజమాని ముదునూరి నరసరాజుగారికిని పడెను. కడపటి గ్రీనుకడకు వచ్చునప్పటికి చీకటి క్రమ్ముటచే శాస్త్రిగారి బంతి యున్నచోట చిన్నబిళ్ల నుంచి, మిగిలిన యొక్క దెబ్బను మఱునాడు మంచు కరగినపిమ్మట కొట్టవలెనని నిశ్చయించిరి. ఆ దెబ్బతో బంతి గుంటలో పడెనా కప్పు శాస్త్రిగారిది, తప్పెనా రాజుగారిది.

ఆ మఱునాటి యుదయమే మనము పైన చూచిన యుదయము. జెండాను స్వహస్తముతో నెగురవేసిన శాస్త్రిగారు ఒంటరిగా గ్రీను నంచున నిలిచియుండెను. నేల కుడికి వాలియున్నదా యెడమకా యను సందేహము రాత్రియంతయు ఆయన మనస్సును చీమవలె కుట్టుచుండెను. అంచునకు అడుగుదూరముననే యున్న బిళ్లవెనుక చేరి వంగి చూచిననేగాని తెలియదు. ఆయన నలుదిక్కులు చూచెను. వియ్యంకుని మొగము తలపునకు వచ్చెను, కూతురును తలపునకు వచ్చెను. అయినను కాలు ముందునకే సాగెను. పాదముక్రింద మంచు అప్పడమువలె ఫెళఫెళలాడెను. వంగి చూచి వెంటనే మరలెను.

మరలి చూడగా క్లబ్బు వసారాలో నరసరాజుగారు బల్లపై కూర్చుండి తల వంచి బూటుదారము ముడివేయుచుండెను. చూచెనో చూడలేదో తెలియదు. ఆ ముడిమాత్రము తెగక సాగుచుండెను.

ఎండవచ్చెను, మంచు కరగెను, జెండా దిగెను. శాస్త్రిగారి బంతి కుడికి వాలి మందగతిని పోయి గుంటలో పడెను. చప్పట్లు మ్రోగెను. రాజుగారు నమస్కరించి యేమియు ననక వెడలిపోయెను. ఆ మౌనమే శాస్త్రిగారికి ముల్లయ్యెను. నాటినుండి ప్రతి యుదయమును గ్రీను చూచివచ్చుట ఆయనకు వ్యసనమయ్యెను. పచ్చిక మొదట పాలిపోయెను, పిదప పసుపువన్నె తిరిగెను, తుదకొకనాడు రెండు బూటుపాదములు బొగ్గుతో గీచినట్లు స్పష్టముగా తేలెను.

క్లబ్బంతయు ఆ వార్త గుప్పుమనెను. ఈ నడుమ జెండా యెగిరినది పోటీ ముగిసిన యుదయమొక్కటే యనియు, ఆ వేళ కెప్టెను తప్ప కొండపైనున్నవారు నరసరాజుగారొక్కరే యనియు కాపలావాడు చెప్పెను. ఓడినవాని యక్కసని కొందఱు, మేకవన్నెపులి యని కొందఱు గుసగుసలాడిరి. కెప్టెనెట్లు త్రొక్కును, కంచెయే చేను మేయునా యని యందఱును నవ్విరి. సభ కూడెను. న్యాయపీఠమున శాస్త్రిగారే కూర్చుండవలసివచ్చెను. తండ్రి నాటినుండి ఆ క్లబ్బే తన యిల్లుగా పెరిగిన రాజుగారు ఎదుట నిలిచెను.

“మీరు త్రొక్కితిరా?” అని శాస్త్రిగారడిగెను. ఆయన గొంతు ఆయనకే క్రొత్తగా వినబడెను.

“లేదండి.”

“త్రొక్కినవారిని చూచితిరా?”

“చూచితిని.”

ఎవరో చెప్పుమని సభ్యులు పట్టుబట్టిరి.

రాజుగారు కెప్టెనువంక చూడక కిటికీవంక చూచుచు, “చెప్పనండి. మన యాటలో తీర్పరి వెంట నడవడు. పొదమాటున బంతి కదలినను కదిలించినవాడే చేయెత్తి చెప్పుకొనవలెను. గురువుగారు నాకు మొదటినాడు నేర్పినది అదియే,” అనెను.

చెప్పనివాడే దోషి యని సభ్యులు కేకలు వేయసాగిరి. రాజుగారిని వెలివేయుటకు కెప్టెను ఒక్కమాట పలికిన చాలును. ఆ మాట శాస్త్రిగారి నాలుక చివరకు వచ్చి నిలిచెను. కప్పు నిలుచును, పరువు నిలుచును, ఏ నోరును మెదలదు. ఆయనకు తనపై తనకే యసహ్యము కలిగెను. ఇంతలో వైద్యురాలు హైమవతమ్మగారు లేచి, మాటలేల, బూటును అడుగుపై పెట్టి చూచిన తేలిపోవును గదా యనెను. అందఱును గ్రీనుకడకు నడచిరి.

రాజుగారు కాలు ముందునకు చాచెను.

“ఆగుము నాయనా,” అని శాస్త్రిగారు ఆయన భుజముపై చేయివైచెను.

పిదప తానే పోయి ఎడమకాలు ఒక నల్లనియడుగులోను కుడికాలు వేఱొకదానిలోను ఉంచెను. వెండ్రుకవాసి తేడా లేక యవి యమరెను. ఆనాటివలెనే మెల్లగా వంగి గుంటవంక చూచెను.

“నేల కుడికి వాలియున్నదని ఇచటినుండియే చూచితిని. కప్పు నాది కాదు,” అనెను.

వంగినవాడు లేవలేక యట్లేయుండెను. అపుడు నరసరాజుగారు టోపీ తీసి, ఆట ముగిసినపుడు ఓడినవానికిని గెలిచినవానికిని సమముగా చెల్లెడి మర్యాదచొప్పున చేయి చాచెను. శాస్త్రిగారు తన టోపీ తీసి ఆ చేయి పట్టుకొని లేచెను. పోటీ నిజముగా ముగిసినది అపుడే.

ఆ సాయంకాలమే ఆయన బండి కట్టించుకొని వియ్యంకుని యింటికి పోయెను. తన శాసనము తనకును చెల్లునని మఱునాటినుండి మైదానమున కాలు పెట్టలేదు. ఆ శీతకాలమున ఎఱ్ఱజెండా యెగిరిన ప్రతి యుదయమును కంచె కావల నొక వృద్ధుడు టోపీ చేతబట్టుకొని నిలిచి, మంచు కరగి జెండా దిగువఱకు చూచి యింటికి మరలుచుండెను.