స్టీరింగ్ తిప్పే మనిషి

"కుడికి... ఇంకా తిప్పండి అత్తయ్యా, ఇంకా... ఆఁ, చాలు. ఇప్పుడు ఎడమకి."

మాట కారు కిందనుంచి వచ్చింది. బయటికి కనిపిస్తున్నవి రెండు పాదాలే. వాటికి మగవాళ్ళ బూట్లు, మడమల దగ్గర అరిగి ఒకవైపు ఒరిగిపోయినవి. డ్రైవరు సీటులో కూర్చున్న ముసలావిడ పెదవులు బిగబట్టి, రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని ఎడమకి తిప్పింది.

"ఎలా ఉంది?"

"వెన్నలా ఉంది. నువ్వలా నేలమీద దొర్లడమే గానీ దీనికి ఏ రోగమూ లేదే."

స్టీరింగ్ పని ఒక్క మనిషితో అయ్యేది కాదు. ఒకరు తిప్పుతుంటే ఒకరు చూడాలి. ఆ షెడ్డులో తిప్పేది అత్త, చూసేది కోడలు. కోడల్ని వీధిలో అందరూ స్టీరింగమ్మ అంటారు. అత్తకి పెద్ద డ్రైవరని పేరు. ఆవిడ జన్మలో ఒక్క బండీ నడిపింది లేదు. కాళ్ళు పెడళ్ళకి అందవు. కానీ చేతికి తెలిసిన బరువుని నోటితో చెప్పడం ఆవిడకే చేతనయ్యేది. స్టీరింగ్‌ని తేలిక చేసే ఆయిలు పంపు నీరసించిన బండిని "చల్లారిన పిండి పిసికినట్టుంది" అనేది. లోపల ఏదైనా అరిగి తగులుతుంటే "అన్నంలో రాయి పడ్డట్టుంది" అనేది. కోడలు ఆ మాట పట్టుకుని నేరుగా ఆ చోటే చెయ్యి పెట్టేది.

ఈ కారు బేకరీ ఆయనది. బాగా పాతది. వెనక సీటు పీకేసి రొట్టెల ట్రేలు పెట్టుకున్నాడు. పొద్దున్నే షాపులన్నిటికీ రొట్టెలు వేసి వచ్చేలోగా ఎప్పుడో ఒకప్పుడు స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. ఆపి, దిగి, బానెట్ ఎత్తి చూస్తే ఏమీ ఉండదు. మళ్ళీ ఎక్కితే మామూలే. ఒక మెకానిక్కు బెల్టు మార్చాడు. ఇంకొకాయన ఏకంగా పంపే మార్చాడు. ఇంతకుముందు ఈ షెడ్డుకి తెచ్చినప్పుడు కూడా అది బుద్ధిమంతురాలిలా నడిచి చూపించి వెళ్ళిపోయింది.

ఈ పొద్దున ఆయన తాళంచెవి ఇచ్చి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"నిన్న స్కూలు మలుపులో బిగుసుకుందమ్మా. ఫుట్‌పాత్ ఎక్కేసింది. గోడవార ఓ పాప నిలబడుంది. జానెడు, అంతే." వేళ్ళు చాపి చూపించాడు. "ఇవాళ దొరికితే దొరికినట్టు. లేదంటే తుక్కుకిచ్చేస్తా. నాకు భయం పట్టుకుంది."

"ముందు మంచినీళ్ళు తాగు నాయనా," అంది అత్త, అప్పటికే డ్రైవరు సీటెక్కి. "సాయంత్రం రా. మా పిల్ల చూస్తుంది."

బయటివాళ్ళ ముందు మా పిల్ల. వెనక గదిలోకి వెళ్తే మాత్రం ఇద్దరికీ క్షణం పడదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తెరిచి ఉంచాలా మూయాలా అన్నదాకా ప్రతిదానికీ వాదనే. అలిగితే ఒకరు గోడవైపు, ఒకరు తలుపువైపు తిరిగి పడుకుంటారు. పొద్దున్న షట్టరు ఎత్తాక, మొదటి బండి వచ్చాక, "కుడికి తిప్పండి అత్తయ్యా" అన్న మాటతోనే ఆ అలక తీరుతుంది.

షెడ్డు మామగారు పెట్టినది. ఆయన తర్వాత కొడుక్కి వచ్చింది. కొత్త కోడలిగా ఆమె ఇక్కడ చేసిన మొదటి పని భర్త బండి కింద పడుకుంటే దీపం పట్టుకోవడం. "దీపం కదపకు" అని విసుక్కునేవాడు. కదపకుండా పట్టుకుని, ఆ వెలుగు పడినంత మేరా అన్నీ చూసి నేర్చుకుంది. పిల్లలు కలగలేదు. ఒకనాడు భర్త చెప్పాపెట్టకుండా వేరే ఊళ్ళో వేరే ఆవిడతో సంసారం పెట్టాడు. కొన్నాళ్ళకి తల్లిని తీసుకెళ్దామని వచ్చాడు. అప్పుడు కోడలు ఒక వ్యాను కింద ఉంది. అత్త పైన స్టీరింగ్ దగ్గర ఉంది. కిందనుంచి ఆమెకి అతని చెప్పులు మాత్రమే కనిపించాయి.

"బట్టలు సర్దుకో అమ్మా," అన్నాడు.

"పనిలో ఉన్నాను, కనపడ్డం లేదా?" అంది అత్త.

ఆ చెప్పులు చాలాసేపు అక్కడే నిలబడ్డాయి. తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. "ఎడమకా, కుడికా?" అని పైనుంచి మాట వచ్చింది. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఇద్దరూ ఎత్తలేదు.

ఇప్పుడు కోడలు బేకరీ కారు కిందనుంచి బయటికి జరిగి, లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఆయిలు సరిగ్గానే ఉంది. బెల్టు బిగువుగానే ఉంది. ఎక్కడా కారడం లేదు. కాసేపు కారు ముందు నిలబడి బేకరీ ఆయన చెప్పింది మొదట్నుంచీ మళ్ళీ తలుచుకుంది. ఆ బిగుసుకోవడం ఇంజను బాగా వేడెక్కాకే వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఇంజను ఆపాడు, తర్వాత బానెట్ ఎత్తాడు. చూసినవాళ్ళంతా అదే చేశారు.

"అత్తయ్యా, ఇంజను ఆపకుండా దీని రోగం పట్టుకోవాలి. మీరు కాస్త ఓపిక పట్టాలి."

"నాకేం, కూర్చునే పనేగా."

పొగ బయటికి పోయేలా, కారుని తోక వీధివైపు వచ్చేలా తిప్పి పెట్టింది. ఇంజను స్టార్ట్ చేసి, రేసు కొంచెం పెంచి, వేడి బయటికి పోకుండా బానెట్ మూసేసింది. అత్త తిప్పుతూ ఉంది. కాసేపు కుడికి, కాసేపు ఎడమకి. మధ్యలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అన్నం తింది. ఎదురింటి వాళ్ళు కొత్తగా వేయించిన రంగు బాగాలేదంది. కోడలి జుట్టులో తెల్లవెంట్రుకలు ఎక్కువైపోయాయంది. కోడలు పక్కన బల్ల మీద ఎవరిదో బ్రేకు విప్పుకుంటూ ఊఁ కొడుతోంది. మధ్యాహ్నం ఎండ షెడ్డు గుమ్మం దాటి లోపలికి పాకింది.

"ఏమే, వచ్చింది!"

కోడలు పానా వదిలేసింది.

"వచ్చిందే! తడి దుప్పటి పిండుతున్నట్టుంది!"

"తిప్పుతూనే ఉండండి. ఆపకండి!"

బానెట్ ఎత్తగానే వేడి ముఖాన కొట్టింది. దీపం లోపలికి దించింది. ఆయిలు డబ్బానుంచి పంపుకి వెళ్ళే గొట్టం, బొటనవేలంత లావుది, పైకి నిగనిగలాడుతూ ఉన్నది, అత్త స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చప్పిడి బుగ్గలా లోపలికి పీల్చుకుపోతోంది. తిప్పడం ఆపగానే మళ్ళీ గుండ్రంగా అవుతోంది. రబ్బరు పాతబడి మెత్తనైపోయింది. వేడికి నిలబడలేక మూసుకుపోయి, పంపుకి ఆయిలు అందనివ్వడం లేదు. ఇంజను ఆపి చూస్తే నిక్షేపంగా ఉంటుంది మరి.

"దొరికింది అత్తయ్యా!"

"ఏదీ, నన్ను చూడనీ."

"మీరు దిగితే తిప్పేదెవరు? తిప్పకపోతే కనపడదు."

"ఇంతసేపూ నేను తిప్పి, చూడ్డం మాత్రం నువ్వా? ఇన్నేళ్ళుగా ఇదే కదే నాకు! దిగుతా. నువ్వెక్కు."

అంతవరకూ ఆ షెడ్డులో జరగనిది అప్పుడు జరిగింది. కోడలు సీటులో కూర్చుంది. అత్త దీపం పట్టుకుని, చీర కొంగు నడుముకి దోపుకుని, బానెట్ కిందికి వంగింది. స్టీరింగ్ నిజంగానే తడి దుప్పటిలా ఉంది. కోడలు భుజాలు బిగించి తిప్పింది. బానెట్ అవతలనుంచి నవ్వు వినిపించింది.

"ఓసి దీని దుంపతెగ! పసిపిల్ల పాలపీక పీల్చినట్టు పీలుస్తోందే! మళ్ళీ తిప్పు. ఇంకోసారి తిప్పు."

కోడలు తిప్పింది. అవసరం లేకపోయినా ఇంకా కొన్నిసార్లు తిప్పింది. అత్త నవ్వుతూనే ఉంది.

ఇంజను ఆపి, కారు చల్లారాక, ముందు చక్రాలు నేలకి తగలకుండా జాకీల మీద ఎత్తి, పాత గొట్టం విప్పింది. కొత్తది తేవడానికి స్పేర్ పార్టుల షాపుకి బయల్దేరుతుంటే, అత్త మళ్ళీ డ్రైవరు సీటులోనే సర్దుకుని కూర్చుంది.

"లోపలికెళ్ళి పడుకోండి కాసేపు."

"ఇక్కడే బాగుంది. ఎలాగూ మళ్ళీ పిలుస్తావుగా."

షాపులో ఆ కొలత గొట్టం వెతకడానికి కాస్త ఆలస్యమైంది. ఆమె తిరిగొచ్చి, గొట్టం తొడిగి, క్లిప్పులు బిగించి, డబ్బాలో ఆయిలు పోసింది. ఇక మిగిలింది లోపల చిక్కుకున్న గాలి తీయడం. స్టీరింగ్ ఆ చివరనుంచి ఈ చివరకి తిప్పుతూ ఉంటే గాలి బుడగలుగా పైకి వస్తుంది. ఎత్తిన బానెట్ అడ్డంగా ఉంది. డబ్బాలోకి చూస్తూనే పిలిచింది.

"అత్తయ్యా, ఎడమకి తిప్పండి."

చక్రాలు కదల్లేదు.

"నిద్రపట్టిందా? ఎడమకి."

బుడగ ఒక్కటి కూడా రాలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుని పక్కకి వచ్చింది. అత్త తల కిటికీకి ఆనించి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. ఒక చెయ్యి స్టీరింగ్ మీదే ఉంది. ఆమె ఆ చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. భుజం పట్టుకుని కదిపింది. మరోసారి కదిపింది.

వీధి చివరి క్లినిక్ డాక్టరు పరుగున వచ్చి, నాడి చూసి, కళ్ళు చూసి, స్టెతస్కోపు చెవుల్లోంచి తీసేశాడు. గుండె నిద్రలోనే ఆగిపోయిందనీ, ఆవిడకి ఏమీ తెలిసి ఉండదనీ చెప్పాడు. ఇరుగుపొరుగు సాయం పట్టి వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టారు. ఆమె చేతులు కడుక్కుని ఫోను తీసి, ఎప్పుడూ చెయ్యని నంబరుకి చేసింది.

"మీ అమ్మగారు పోయారు."

"ఎక్కడ?" అన్నాడు భర్త.

"షెడ్డులో. పనిలో ఉండగా."

బయల్దేరుతున్నానన్నాడు. వచ్చేసరికి చీకటి పడుతుంది.

బేకరీ ఆయన పొద్దువాలుతుండగా వచ్చాడు. గుమ్మంలో చెప్పులు, లోపల ఆడవాళ్ళు కనిపించేసరికి ఆగిపోయాడు. సంగతి విని తల దించుకున్నాడు. "బండి ఇక్కడే ఉండనీ అమ్మా. తర్వాత చూద్దాం."

"గాలి తీయడం ఒక్కటే మిగిలింది. పొద్దున్న మీరు రొట్టెలు వేయాలి కదా. రండి, కూర్చోండి. తిప్పేవాళ్ళు కావాలి."

లోపలి ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన మొహమాటపడుతూ కూర్చుని తిప్పాడు. చక్రాలు కదిలాయి. డబ్బాలో బుడగలు బిలబిలమని లేచి, పోనుపోను తగ్గి, ఆగిపోయాయి. ఆమె ఆయిలు నింపి, మూత పెట్టి, జాకీలు దించి, ఇంజను వెయ్యమంది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉందమ్మా."

ఆమె ఇంకో మాట కోసం కాసేపు ఆగింది. ఆయన దగ్గర అంతకు మించి లేదు. బానెట్ దించేసింది. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, ఇంజను చప్పుడులో, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. ఆయన ఇంజను ఆపకుండా, తల వంచుకుని అలాగే కూర్చున్నాడు.

బయల్దేరబోతూ ఆయన కారు తలుపుకున్న అరలోంచి ఏదో కాగితం తీసి, "ఇదేంటి..." అని విప్పి, గబుక్కున మళ్ళీ మడవబోయాడు. పొద్దున్న ఇంటికి పట్టుకెళ్దామని ఆయన అందులో పెట్టుకున్న క్రీమ్ బన్ను, ఇప్పుడు సగమే ఉంది. షుగరుందని డాక్టరు తీపి మాన్పించిన దగ్గర్నుంచి అత్తకి ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో కూడా తెలియనిచ్చేది కాదు కోడలు. ఆమె చెయ్యి చాపింది. ఆయన ఇచ్చాడు.

కారు మలుపు దగ్గర తేలిగ్గా తిరిగి వెళ్ళిపోయింది. పనిబల్ల మీద, పానాల పక్కన, జాగ్రత్తగా మడిచి విప్పిన కాగితంలో సగం బన్ను ఉంది, కొరికిన చోట క్రీము ఇంకా ఆరలేదు.