మెట్ల గోరు

"గోరు బాగాలేదండీ" అంది ఆవిడ. కాపలా తాతకి "నోరు బాగాలేదండీ" అని వినపడింది. గోరుకీ నోరుకీ మధ్య తేడా ఒక్క అక్షరమే గానీ, ఆ భవనంలో మాత్రం ఒక అంతస్తు. కింద గోళ్ళ దుకాణం, మీద పళ్ళ డాక్టరు. తాత వేలెత్తి పైకి చూపించాడు. ఆవిడ మారుమాట లేకుండా మెట్లెక్కింది.

నోట్లో నాలుక లేని మనిషి అంటారు చూడండి, ఆ జాతి. పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకోమంటే పడుకుంది, నోరు తెరవమంటే తెరిచింది. ఆయన అద్దం పెట్టి, దీపం పెట్టి, పన్ను పన్నునీ పలకరించి, "నొప్పెక్కడమ్మా?" అని అడిగాడు. నోటి నిండా ఇనుప సామాను ఉంది కాబట్టి ఆవిడ ఎడమ బొటనవేలు పైకెత్తి చూపించింది.

"అంతా బాగుందంటావా? మంచిది!" అన్నాడాయన సంతోషించి.

సంగతి తేలాక ఆయనే స్వయంగా కిందికి దింపాడు. "గోళ్ళక్కా, నీ సరుకు నా దగ్గరకొచ్చింది. పళ్ళు ముత్యాలే. గోరు నా వల్ల కాదు."

గోళ్ళక్క అంటే ఆ దుకాణం యజమానురాలు. ఆవిడ గుసగుస వీధి మలుపు దాకా వినపడుతుంది. లోకులు పని లేనప్పుడు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు. ఆవిడకి పనే అది. పక్క పీట మీద పాదాలకు పనిచేసేది ఆవిడ తోడికోడలు, కాళ్ళక్క. "మాది కాళ్ళావేళ్ళా పడి బతికే సంసారం" అని గోళ్ళక్క కొత్తవాళ్ళందరికీ చెబుతుంది, చెప్పి తానే ముందు నవ్వుతుంది.

"రా తల్లీ, కూర్చో. నఖాల దగ్గర నఖరాలు పనికిరావు. చెయ్యి ఇటియ్యి."

ఎడమ బొటనవేలి గోరు నడుమ ఒక కాలువ. ఆ కాలువలో అడ్డంగా, మొదటి నుంచి చివరి దాకా, గట్లు గట్లుగా మెట్లు. గోరు మొదలు దగ్గర చర్మం వెనక్కి జరిగి ఎర్రగా కమిలి ఉంది. మిగతా తొమ్మిది గోళ్ళూ లక్షణంగా ఉన్నాయి.

వచ్చినావిడ ఉంగరాల కొట్లో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళకి తన వేళ్ళకే ఉంగరాలు తొడిగి చూపించాలి. "జనం ఉంగరం మానేసి నా గోరు చూస్తున్నారంటాడండీ మా ఓనరు. ఇది బాగుపడకపోతే లోపల గదిలో డబ్బాలు సర్దుకోమన్నాడు. చర్మం డాక్టరుకి చూపించాను. జబ్బేం లేదు, నొక్కడం మానేస్తే చాలన్నాడు."

"మరి మానెయ్యి! గోరు పుట్టేది ఇదిగో, ఈ చర్మం కింద. పుట్టేచోట అస్తమానం వేలితో నొక్కుతుంటే పెరిగేదంతా ఇలాగే మెట్లు కడుతుంది. నీకు తెలీకుండానే నొక్కుతుంటావు. పరీక్షల పిల్లలు, పెళ్ళి కుదరనివాళ్ళు, పెళ్ళి కుదిరినవాళ్ళు... ఇలాంటి గోళ్ళు ఎన్ని చూశానో! ఏంటమ్మా నీ దిగులు?"

ఆవిడ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. "అలవాటైపోయిందండీ" అంది.

"అరగదీసి నున్నగా చేసెయ్యవే, పోయె" అంది కాళ్ళక్క.

"అరగదీస్తే ఈ పూటకి అద్దం, రేపటికి ఉల్లిపొర. మెట్లు పడగొట్టకూడదు, పూడ్చాలి." గోళ్ళక్క వేలిని గోరువెచ్చని నీళ్ళలో ముంచింది. తుడిచి, గోరు మొదట్లో నూనె రాసింది. కమిలిన చర్మాన్ని కత్తెరతో ముట్టుకోలేదు. గుంటల్లో చిక్కటి పూత నింపి, ఆరాక మళ్ళీ నింపి, పైన లేత రంగు వేసింది. చివర్న గోరు మొదట్లో చిన్న ప్లాస్టర్ చుట్టింది. "ఇది రాత్రీ పగలూ ఉండాలి. నీ వేలు అటెళ్ళినా ఇది అడ్డం పడుతుంది. గోరు మొత్తం కొత్తగా రావడానికి ఆర్నెల్లు. ఈలోగా దీన్ని నున్నగా చెయ్యలేకపోతే, ఈ కుర్చీ వదిలేసి మా తోడికోడలి కింద కాళ్ళు కడుగుతా!"

"నాకొద్దు తల్లీ నీతో. ఉన్న కాళ్ళతోనే చస్తున్నా" అంది కాళ్ళక్క.

పది మంది ముందు అనేసిన మాట కదా, ఆనాటి నుంచి ఆ గోరు గోళ్ళక్కకి పరువు సమస్య అయి కూర్చుంది. ఉంగరాల కొట్టు ఆవిడ వచ్చినప్పుడల్లా గోళ్ళక్క క్షేమసమాచారాలకన్నా ముందు పాత పూత తీసి గోరు మొదలు చూసేది. ప్రతిసారీ అక్కడ కొత్త మెట్టు పుట్టి ఉండేది.

"మళ్ళీ నొక్కావా?"

"అవునండీ."

"నీ వేలు నీ మాట వినదా?"

"వినదండీ."

"ప్లాస్టర్ ఏదీ?"

"ఊడిపోయిందండీ."

"ఊడిందా, ఊడబీకావా? ఆ చేతిని మంచానికి కట్టేసుకో తల్లీ!"

దుకాణమంతా గొల్లుమంది. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో దాచుకుంది.

గోళ్ళక్కకి ఒకసారి అనుమానం రాకపోలేదు. దిగులుతో నొక్కుకునేవాళ్ళకి సాధారణంగా రెండు బొటనవేళ్ళూ పాడవుతాయి. ఈమెకి ఎడమది ఒక్కటే ఎందుకు? అడుగుదామనుకుంది. ఇంతలో ఏదో జోకు గుర్తొస్తే అది చెప్పేసింది.

ఆ తర్వాత ఆవిడ చాలాకాలం రాలేదు. వచ్చిన రోజు దుకాణం నిండుగా ఉంది. బస్సు కండక్టరమ్మ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. మూల ఆరబెట్టే మిషను ముందు ఒక పెళ్ళికూతురు పది వేళ్ళూ చాపుకుని ఉంది. గోళ్ళక్క పాత రంగు తుడిచింది. పూత కరిగించింది. మొదలు చూసింది. దీపం దగ్గరికి లాక్కుని ఇంకోసారి చూసింది.

చర్మం కమిలి లేదు. దాని అంచు నుంచి లేత గులాబీ రంగు గోరు, ఒక్క గట్టు లేకుండా, నున్నగా తొంగిచూస్తోంది. పాత మెట్లన్నీ పైకి జరిగాయి.

"గెలిచానే!" అని ఒక్క కేక పెట్టింది గోళ్ళక్క. కాళ్ళక్క చేతిలో చెంబు జారింది. "రండమ్మా, చూడండి! ఎవరే నన్ను కాళ్ళు కడగమన్నది? మానేసింది! నా తల్లి, నా బంగారం, మానేసింది!" ఆవిడ బొటనవేలిని పైకెత్తి దుకాణం నలువైపులా చూపించింది. సొరుగులోంచి చాక్లెట్లు తీసి పంచింది. "చప్పట్లు కొట్టరేం?" అంటే అందరూ కొట్టారు. పెళ్ళికూతురు రంగు ఆరలేదని ముంజేతులతో కొట్టింది.

"ఎలా మానేశావో చెప్పు. ఇక్కడ సగం మందికి కావాలి ఆ రహస్యం!"

ఆవిడ గోరు వైపు అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. "ఇంత వచ్చేసిందా" అంది. కుడి చేతి వేలితో నున్నటి భాగాన్ని తడిమింది. తడుముతూ పైకి వెళ్ళి, మెట్లు మొదలైన చోట ఆగింది. ఆ వేలు ఇక అక్కడి నుంచి కదల్లేదు.

"ఆనందబాష్పాలు" అంది కండక్టరమ్మ చాక్లెట్ నములుతూ.

"ఏడవకమ్మా, తడిస్తే పూత పట్టదు!" అంది గోళ్ళక్క. ఎవరో ఒకరు నవ్వారు గానీ మధ్యలోనే ఆపేశారు. అది సంతోషపు ఏడుపు కాదు. ఆవిడ భుజాలు అదిరిపోతున్నాయి.

"నేను మానలేదండీ" అంది ఆవిడ. "నేనసలు ఎప్పుడూ నొక్కలేదు."

"మరి?"

"మా అమ్మ. మనుషులు గుర్తుండటం పోయిందండీ ఆవిడకి. నా పేరు పోయింది. మొహం పోయింది. పక్కన కూర్చుంటే ఎడమ చెయ్యి అందుకుని, బొటనవేలు మొదట్లో నొక్కుతూ ఉండేది. చిన్నప్పుడు నేను బడికెళ్ళనని ఏడిస్తే దారంతా అలాగే నొక్కుకుంటూ తీసుకెళ్ళేది. అన్నీ పోయి అదొక్కటే మిగిలింది. నొక్కీ నొక్కీ గోరు మెట్లు కట్టాక, ఇక ఆ మెట్లని బట్టే నన్ను పోల్చుకునేది."

"నాకొక్క మాట చెప్పొద్దుటమ్మా?"

"చెబితే అమ్మని ఆపమంటారు కదండీ."

గోళ్ళక్క రంగు తుడిచిన దూది పక్కన పడేసింది.

"ఓనరు గట్టిగా అన్నప్పుడు, ఒక్కసారి మీరు చెప్పినట్టే చేశానండీ. రాత్రీ పగలూ ప్లాస్టర్ తియ్యలేదు. అమ్మ చెయ్యి పట్టుకుంది, తడిమింది, వదిలేసింది. 'ఏమండీ, మా అమ్మాయి ఇంకా ఇంటికి రాలేదు. కాస్త చూసి పంపిస్తారా?' అంది. నన్నే. ఎవరో పెద్దావిడని అడిగినట్టు, మర్యాదగా. నేను ప్లాస్టర్ పీకేసి మళ్ళీ వేలందించాను. 'వచ్చావా' అని నొక్కడం మొదలెట్టింది." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ నేనెందుకు రాలేదంటే, అమ్మ పోయింది. ఓనరుకి మాత్రం చాలా సంతోషంగా ఉంది, మళ్ళీ ఉంగరాల దగ్గరే నిలబెట్టాడు."

కండక్టరమ్మ నోట్లో చాక్లెట్ అలాగే ఉండిపోయింది. కాళ్ళక్క తడి చేతులతో లేచి వచ్చి ఆవిడ వెనక నిలబడింది, ముట్టుకోవాలో వద్దో తెలియక. గోళ్ళక్క ఇంకా ఆ చెయ్యి పట్టుకునే ఉంది. తన బొటనవేలు తనకి తెలియకుండానే ఆ గోరు మొదలు మీదికి వెళ్ళబోతుంటే, చూసుకుని, చటుక్కున ఆపుకుంది.

మూలన ఆరబెట్టే మిషను హోరులో పెళ్ళికూతురికి ఇవేమీ వినపడలేదు. "ఏమంటోంది అక్కా? ఎలా మానేసిందట?" అని అక్కడి నుంచి హుషారుగా కేకేసింది.

గోళ్ళక్క వెళ్ళి మిషను కట్టేసింది. ఎప్పుడూ లేనిది, ఆవిడ మాట వినడానికి అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఇందాక నేను అరిచింది తప్పమ్మా. ఈ పిల్లకి ఏ అలవాటూ లేదు. ఆ గోరు నొక్కింది వాళ్ళమ్మ. ఆవిడ పోయింది. నొక్కే చెయ్యి లేక గోరు నున్నగా వస్తోంది. దానికి నేను మీచేత చప్పట్లు కొట్టించాను."