చెయ్యి ఎత్తకూడని రోజులు

"యంత్రం వద్దు బాబూ, రొమ్ము ఎముక కోసే చెయ్యండి" అంది మా అత్తయ్య.

డాక్టరు నవ్వాడు. ముసలావిడ రోబో పేరు విని హడలిపోయిందనుకున్నాడు. బల్ల మీదున్న ప్లాస్టిక్ గుండెను ఇటు తిప్పి, మామయ్యకి పూడుకుపోయిన రక్తనాళం పెన్నుతో చూపించాడు.

"అది తనంతట తాను ఏమీ చెయ్యదమ్మా. నేను అదే గదిలో కూర్చుని చేతులు కదిపితే దాని చేతులు కదులుతాయి. ఎడమ పక్కటెముకల మధ్య మూడు నాలుగు చిన్న గాట్లు, అంతే. డెబ్బై ఆరేళ్ళ మనిషికి అదే సుఖం. రెండు మూడు వారాల్లో చేతులు మామూలుగా వాడుకుంటారు."

"ఎముక కోస్తేనో?"

"మూడు నెలలు చెయ్యెత్తి ఏ పనీ చెయ్యకూడదు. తొయ్యకూడదు, లాగకూడదు. అతుక్కునే ఎముక కదిలిపోతుంది."

"అదే చెయ్యండి" అంది అత్తయ్య, సంతలో బేరం కుదిరినంత తేలిగ్గా.

ఆవిడ భయపడింది యంత్రానికి కాదని ఆ గదిలో డాక్టరుకి తప్ప అందరికీ తెలుసు. మామయ్య ఇనుప కార్ఖానాలో సమ్మెట కొట్టి కొట్టి రిటైరయ్యాడు. కార్ఖానా వదిలాక ఆ చేతికి ఇంట్లో పని ఇంకా పెరిగింది. అత్తయ్యకి ఎడమ చెవి వినపడదు. కుడి మణికట్టు రెండుసార్లు విరిగి వంకరగా అతుక్కుంది. నేను బట్టల కొట్లో కటింగ్ చేస్తాను, ఆవిడ జాకెట్లన్నీ నేనే కుడతాను. మండుటెండల్లో కూడా మణికట్టు దాకా చేతులు పెట్టించుకునేది.

మా ఆయన మెత్తని మనిషి. తండ్రి చెయ్యి లేవగానే ఈయన వీధిలోకి లేచేవాడు. ఓసారి నేను అడ్డం వెళితే నాకో పన్ను ఊడింది. వేరే కాపురం పెడదామంటే, "అమ్మనెలా వదిలేస్తాం" అనేవాడు. వదలకుండా ఈ మహానుభావుడు చేస్తున్నదేమిటో ఆ దేవుడికే తెలియాలి.

"రోబోతోనే కానివ్వండి" అని మామయ్య తేల్చేశాడు. ఆస్పత్రి మెట్ల మలుపులో బయటివాళ్ళెవరూ లేకుండా చూసి అత్తయ్య జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. "నా రొమ్ము చీల్చమంటావా" అన్నాడు. రెండో దెబ్బకే ఆయాసం ముంచుకొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. నాలుక కింద మాత్ర పెట్టింది మళ్ళీ ఆవిడే. ఆవిడ నుదుటి మీంచి కారిన రక్తం ఆయన చొక్కా మీద పడితే, దాన్ని కూడా కొంగుతో తుడిచింది.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఏం చేస్తాం.

ఇంటికొచ్చాక పక్కటెముకల దగ్గర కుట్లు లాగుతున్నాయని మామయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలోనే ఉండేవాడు. అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, "పొట్టి చేతుల జాకెట్టు ఒకటి కుట్టవే. ఈ రెండు వారాలు వేసుకుంటా" అంది. ఆ రాత్రే కుట్టేశాను. అది వేసుకుని చిన్నపిల్లలా తిరుగుతూ, ఏదో కూనిరాగం కూడా తీసింది. ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళైనా ఆవిడ గొంతు బాగుంటుందని నాకు తెలియదు.

ఆ వారం దాటకుండానే ఓ రోజు అత్తయ్య ఇచ్చిన జావ కాస్త వేడిగా ఉంది. మామయ్య నాలుక చుర్రుమంది. చెయ్యి విసరబోయాడు, కుట్లు పట్టేసి మూలుగుతూ వెనక్కి వాలాడు. అత్తయ్య తప్పుకోలేదు, అలవాటుగా కళ్ళు మూసుకుని నిలబడింది.

"ఒరేయ్, ఇలా రా" అని పక్కగదిలో ఉన్న కొడుకుని పిలిచాడు. "నా చెయ్యి లేవట్లేదు. దీన్ని నువ్వు కొట్టు."

మా ఆయన వేళాకోళం అనుకుని నవ్వబోయాడు.

"కొట్టరా. ఇన్నేళ్ళు వీధిలో నిలబడి విన్నావుగా, ఎలా కొట్టాలో తెలీదా?"

మా ఆయన మొహంలో నెత్తురు లేదు. పిడికిలి బిగిసింది. గొంతు చించుకుని అరుస్తూ తండ్రి మీదికి దూకాడు. ఈ జన్మకి జరగదనుకున్నది జరుగుతోందని, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది.

"కుట్లురా" అంటూ అత్తయ్య మధ్యలోకి వచ్చేసింది.

పిడికిలి ఆవిడ దవడ మీద పడింది. ఎముక చప్పుడు నాకు వినిపించింది. ఆవిడ బల్ల అంచుకి కొట్టుకుని కింద పడింది. జావ గిన్నె ఆవిడ మీద ఒలికింది. నోట్లోంచి రక్తం బొటబొటా కారి పొట్టి చేతుల జాకెట్టంతా తడిసింది.

"ఆఁ. అలాగే" అన్నాడు మామయ్య.

మా ఆయన మోకాళ్ళ మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అత్తయ్య కూర్చుని, ఒకచేత్తో దవడ పట్టుకుని రెండో చేత్తో కొడుకు తల నిమిరింది.

"ఏడవకు నాన్నా. నీ చెయ్యి మీ నాన్న చెయ్యంత బరువు లేదులే."

ఆ ఓదార్పుకి ఆయన ఇంకా ఏడ్చాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆవిడ అప్పుడే కొడుకు చేతికి కూడా ఒళ్ళు సిద్ధం చేసుకుంటోంది.

"లేవండి అత్తయ్యా. చెప్పులేసుకోండి. మా కొట్టు పైన గది ఖాళీగా ఉంది."

"ఆయన మాత్రలు..."

"ఆయన కొడుకే వేస్తాడు."

మామయ్య బూతులు లంకించుకున్నాడు. కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేవబోయి, పక్క పట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు. అత్తయ్య అటు ఒక్క అడుగు వేసింది. నేను ఆవిడ వంకర మణికట్టు పట్టుకున్నాను, వదల్లేదు. చాలాసేపటికి ఆవిడే గుమ్మం వైపు తిరిగింది.

మా ఆయన కూడా కళ్ళు తుడుచుకుంటూ లేచి, మా వెనకే చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. అత్తయ్య గుమ్మంలో ఆగి కొడుకు వైపు చూసింది. దవడ వాచి మాట సరిగ్గా రాలేదు గానీ, మా ముగ్గురికీ అర్థమైంది.

"నువ్వు రాకు."

నేనూ రమ్మనలేదు.