గరగర లేని చోట

మా ఆయనతో కాపురం చేయడం కష్టం కాదు. ఆయనతో కలిసి రేడియో వినడమే కష్టం.

ఆ సాయంత్రం నా తమ్ముడు చిన్నోడు మొదటిసారి రేడియోలో మాట్లాడబోతున్నాడు. ఎక్కడో దూరాన ఒక చిన్న స్టేషన్, వాతావరణ విశేషాలు చదివే పని. నలుగురిలో తన పేరు చెప్పుకోవడానికే నత్తితో నానా అగచాట్లు పడినవాడు, మైకు ముందు కూర్చుంటున్నాడు. అమ్మ వింటే చాలని ఫోన్లో ఒకటే మాట. ఆ స్టేషన్ ఫోన్లలో రాదు, మీడియం వేవ్ మీద పట్టుకోవాల్సిందే. అందుకే కింద వాచీలు బాగుచేసే పెద్దాయన్ని బతిమాలి రేడియో తెచ్చాను.

ఇచ్చేటప్పుడే ఆయన చెప్పారు. పైకి లాగే ఆ స్టీలు కడ్డీ మీడియం వేవ్‌కి పనికిరాదట. అసలు యాంటెన్నా లోపల అడ్డంగా ఉంటుంది కాబట్టి సెట్టునే అటూ ఇటూ తిప్పి చూసుకోవాలట. ఇనుముకి దూరంగా, కిటికీ దగ్గర పెడితే మంచిదట. పొద్దు గూకితే దూరపు స్టేషన్లు వాటంతటవే తేలతాయట. ఇదంతా మా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎత్తులో ఉంటేనే సిగ్నల్ అందుతుందని రేడియోను ఇనప బీరువా మీదికి ఎక్కించి కడ్డీ బారెడు లాగారు. గరగర తప్ప ఇంకేమీ లేదు. కడ్డీకి రాగి తీగ చుట్టి, నేను కుట్టి పెట్టిన ఎవరివో కర్టెన్లు తొక్కుకుంటూ వెళ్ళి, రెండో కొస కిటికీ ఊచకు కట్టారు. గరగరకు తోడు బుయ్యిమని రొద మొదలైంది. ఇప్పుడు లైన్లో పడిందన్నారు. నాకు ఒళ్ళు మండింది.

అమ్మ కుట్టు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పెళ్ళికి వెళ్తున్నట్టు తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. వీధి దీపాలు వెలిగాయి. ఇక వాడు మొదలుపెట్టే వేళ అవుతోంది.

మీ ఎత్తూ వద్దు, మీ తీగా వద్దని రేడియోను కిందికి లాగేశాను. కిటికీ గట్టు మీద పెట్టాను. మిషను బల్బు ఆపి, గోడకున్న ఫోను చార్జరు పీకగానే బుయ్యిమనే రొద ఆగిపోయింది. చార్జరు పెట్టింది ఎవరో నేను చెప్పక్కర్లేదు. సెట్టును మెల్లగా తిప్పుతూ పోయాను. ఎవరిదో పాట వచ్చింది, పోయింది. ఇంకొంచెం తిప్పితే గరగర వెనక్కి తగ్గి, అందులోంచి చిన్నోడి గొంతు బయటికొచ్చింది.

అమ్మ స్టూలు ముందుకు జరుపుకుంది. వాడు ఏ దిక్కు నుంచి గాలి వీస్తుందో, ఎండ ఎంత కాస్తుందో తడబడకుండా చదువుతున్నాడు. గొంతు దగ్గరికొస్తోంది, దూరమవుతోంది. నాకు కళ్ళు చెమర్చాయి. "రేపు సాయంత్రానికి ఉరుములతో కూడిన..." అన్నాడు. అక్కడితో ఆగిపోయింది.

పోయింది, తిప్పు తిప్పు అన్నారు మా ఆయన. ఆయన చెప్పేలోపే నా చెయ్యి తిప్పేసింది. గరగర. వెనక్కి తిప్పితే ఎవరో పాడుతున్నారు. తల ప్రాణం తోకకొచ్చి మళ్ళీ ఆ స్టేషన్ పట్టుకునేసరికి ఏదో సంగీతం వాయిస్తున్నారు. తొందరపెట్టింది మీరేనని నేను, తిప్పింది నువ్వేనని ఆయన, ఒకరి మీద ఒకరం విరుచుకుపడ్డాం.

"స్టేషన్ పోలేదే" అంది అమ్మ. "పోతే గరగర రావాలి కదా. అప్పుడు గరగర లేదు. వాడు ఆగాడు, అంతే."

వాడు ఆగితే నేను ఎప్పుడు ఊరుకున్నాను గనక? వాడి నోట్లో మాట నేనే లాక్కుని చెప్పేస్తాను. ఇవాళ రేడియోలో ఆగినా ఊరుకోలేకపోయాను.

అంతలో వాడే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"అక్కా, విన్నారా? ఒక చోట ఆగిపోయా. అందించడానికి పక్కన నువ్వు లేవుగా. నేనే చెప్పేశా."

అమ్మ ఫోను అందుకుంది.

"నువ్వు ఆగిందాకా విన్నాన్రా. తర్వాత మీ అక్క తిప్పేసింది. అక్కణ్ణించి ఇప్పుడు చెప్పు."

వాడు నవ్వాడు. గొంతు సవరించుకున్నాడు.

"రేపు సాయంత్రానికి ఉరుములతో కూడిన..."

ఆగాడు. ఆ మాట నా నాలుక చివరనే ఉంది. మా ఆయన నా వైపే చూస్తున్నారు. చేతికందిన కర్టెన్ అంచు నోట్లో కుక్కుకుని పళ్ళతో బిగబట్టాను. ఫోన్లో వాడి ఊపిరి వినిపిస్తోంది. అమ్మకేమీ తొందర లేదు.

"వ... వర్షం" అన్నాడు. "పడుతుంది."

అమ్మ నా వైపు తిరిగింది.

"విన్నావుగా, రేపు బట్టలు బయట ఆరెయ్యకు."