మూత పడని లైబ్రరీ

మరమ్మతులు మొదలయ్యే ముందు మా డైరెక్టరుగారు సిబ్బందినందరినీ వరండాలో నిలబెట్టి, "మూసే ప్రసక్తే లేదు. యూనివర్సిటీకి లైబ్రరీ గుండెకాయ. గుండెను మూసి రిపేరు చేస్తామా?" అన్నారు. గుండెకు ఆపరేషన్ చేసేటప్పుడు రోగిని కనీసం పడుకోబెడతారన్న సంగతి ఆయనకు తట్టలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. పుస్తకాలిచ్చే కౌంటరు నాది కాబట్టి భారమంతా నా నెత్తిన పడింది.

పెద్ద రీడింగ్ హాలుకు తాళం వేశారు. చరిత్ర పుస్తకాలు ఆడవాళ్ళ బాత్రూములోకి, న్యాయశాస్త్రం మెట్ల కిందికి చేరాయి. ఎవరు ఏ పుస్తకం అడిగినా హెల్మెట్ తగిలించుకుని, పరంజాల కిందనుంచి వంగి వెళ్ళి, సిమెంటు దుమ్ము దులిపి తెచ్చేదాన్ని. చదువుకునేవాళ్ళకు వరండాలోనే నాలుగు బల్లలు వేశాం. వాటి పైన 'మరమ్మతులు జరుగుతున్నా లైబ్రరీ తెరిచే ఉంటుంది' అని అట్ట అక్షరాలు అతికించి బోర్డు తగిలించాను.

ఆ బల్లల్లో ఒకదాని దగ్గర మా చెల్లి కూర్చునేది. థీసిస్ రాస్తూ మా ఇంట్లోనే ఉంటోంది. మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మా ఆయన టీవీ, రెండో గదిలో మా అత్తగారి ఫోను. ఊరందరి కాపురాలూ ఆవిడ ఫోనులోనే చక్కబడాలి. అందుకే తాళం పడకముందు రీడింగ్ హాల్లో కిటికీ పక్క బల్లే దానికి దిక్కుగా ఉండేది. థీసిస్ గడువు ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించరు.

"అక్కా, ఈ డ్రిల్లింగ్ గోలలో ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదే," అని ఏడుపు మొహం పెట్టేది.

"కొన్నాళ్ళు సర్దుకోవే. హాలు తెరిచాక నీ బల్ల నీదే. డైరెక్టరుగారు నాతో స్వయంగా అన్నారు."

చెవుల్లో దూది పెట్టుకుని సర్దుకుంది పిచ్చిది. ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే మాట చెప్పమని మాకు పైనుంచి హుకుం. బతిమాలాను, నవ్వించాను, నా ఫ్లాస్కులో టీ పోశాను. ఒక్క ఫిర్యాదు కూడా పైకి పోలేదు.

పనులు పూర్తయ్యాయి. హాలు తెరిచిన రోజు చెల్లి నాకంటే ముందే బయల్దేరింది. నేను వెళ్ళేసరికి బ్యాగు గుండెలకు హత్తుకుని కొత్త అద్దాల తలుపు ముందు నిలబడి ఉంది. లోపల ఒక్క బల్ల లేదు. మెత్తటి సోఫాలు, గోడంత తెర, వరసగా మైకులు.

"ఇది మీటింగ్ హాలమ్మా. ఎవర్నీ పంపొద్దన్నారు," అన్నాడు వాచ్‌మన్.

నేను డైరెక్టరుగారి గదిలోకి దూసుకెళ్ళాను. "సార్, రీడింగ్ హాలేది?"

"వరండా ఉందిగా!" ఆయన ముఖం వెలిగిపోతోంది. "వరండాను నువ్వంత చక్కగా నడిపావు కాబట్టే, హాలును మీటింగులకు ఇవ్వడానికి కమిటీ వెంటనే ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ ఒక్కళ్ళైనా ఇబ్బందన్నారా? ఈ ఘనతంతా నీదేనమ్మా."

ఒళ్ళు భగ్గున మండింది. అరచేతిలో వైకుంఠం చూపించి, మా చేతులతోనే మా నోట్లో మట్టి కొట్టించారు.

"హాలు తిరిగి వస్తుందని మీరే కదా సార్ చెప్పింది?"

"పరిస్థితిని బట్టి నిర్ణయాలు మారుతుంటాయి. అన్నట్టు, ఆ బోర్డు తియ్యకు, బాగుంది. మొదటి రెండు మాటలు పీకేస్తే చాలు."

వరండాలోకొచ్చి స్టూలెక్కాను. కదలకుండా చెల్లి పట్టుకుంది. 'మరమ్మతులు జరుగుతున్నా' అన్న అక్షరాలను ఒక్కొక్కటే గోటితో పీకి దాని చేతికిచ్చాను. చెల్లి వాటిని చెత్తబుట్టలో పడేసింది. తర్వాత బ్యాగులోంచి దూది తీసి, అదీ అందులోనే పడేసింది.

"ఎక్కడికే?" అన్నాను, అది బ్యాగు భుజాన వేసుకుంటుంటే.

"ఇంటికి. థీసిస్ మాట ఇంక ఎత్తకక్కా, నీకు పుణ్యముంటుంది."

అది వెళ్ళిపోయాక వరండాలో దాని బల్ల దగ్గరికి ఇంకో పిల్ల వచ్చింది. ఇక్కడ కూర్చోవచ్చా మేడమ్ అని అడిగింది. తెరిచే ఉంది, కూర్చోమ్మా అన్నాను.