పచ్చిక మీద నింద

గుండు చేతిలోంచి జారిన క్షణంలోనే అది ఎక్కడ ఆగుతుందో డూగల్ రెన్నీకి తెలిసిపోయేది. చూడనక్కర్లేదు. వదిలేసి, నడుం నిమురుకుంటూ వెనక్కి తిరిగేవాడు. కాసేపటికి వెనక నుంచి ఎవరో ఒకరు "అబ్బ!" అనేవారు. పచ్చిక మీద గుండ్లు దొర్లించే ఆ ఆటకి పెట్టిన గ్లెన్‌హార్డీ బౌలింగ్ క్లబ్బులో అది ఆయన ముద్ర.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం ఆయన అలాగే వెనక్కి తిరిగాడు. "అబ్బ" వినబడలేదు. తిరిగి చూస్తే, గుండు వచ్చినట్టే వచ్చి, జాక్ అనే ఆ చిన్న తెల్లబంతి పక్కన ఆగాల్సింది ఆగకుండా, ఇంకా ఒరిగి ఒరిగి, అవతల మూరెడు దూరంలో పడుకుంది.

"గాలి వీచింది మాస్టారూ," అంది కర్స్టీ.

గాలి ఎక్కడిది? క్లబ్బు జెండా తడిగుడ్డలా కర్రకి అతుక్కుపోయి ఉంది. పోస్టాఫీసులో పనిచేసే ఆ పిల్ల ఈ వేసవిలోనే ఆట నేర్చుకోవడానికి చేరింది. తన కోసం అంత వెంటనే అబద్ధమాడినందుకు డూగల్‌కి ముచ్చటేసింది. ఇంకో గుండు వేశాడు. అదీ అంతే. మూడోది వెయ్యకుండా తువ్వాలుతో తుడిచి సంచిలో పెట్టేశాడు.

ఈ గుండ్లు చూడ్డానికి గుండ్రంగా ఉంటాయి గానీ కావు. ఒక పక్కకి ఒరిగేలా చెక్కుతారు. తిన్నగా వేస్తే వంకరగా పోతాయి. వంకరగా వేసినవాడికే తిన్నగా చేరతాయి. నిజంగా గుండ్రనిది జాక్ ఒక్కటే. అందుకే డూగల్ కొత్తవాళ్ళ చేత మొదటి రోజు జాక్‌నే దొర్లించేవాడు. "తిన్ననిది చేతికి తెలిశాకే వంకరది నేర్చుకోవాలి" అనేవాడు. అవతల కంచె పక్కనున్న ఆరో వరుస ఆయన బడి; ఆ సాయంత్రం ఆడిందీ అక్కడే. పచ్చికని దారాలు కట్టి పంచిన ఆరు వరుసల్లో అది ఎవరికీ అక్కర్లేనిది. కొత్తవాళ్ళ గుండ్లు ఎటూ దిక్కుకొకటి పోతాయి కనుక, అక్కడ ఏది ఎటు పోయినా ఎవరూ పట్టించుకోరు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు కంచంలో అటూ ఇటూ కదిపి లేచాడు. ఆయన ఇల్లు క్లబ్బు కంచెకి అవతలి వీధిలోనే. ముందుగదికీ వంటగదికీ మధ్య పొడుగాటి నడవా, అందులో పాత తివాచీ, చివర టెలిఫోను బల్ల. చలికాలంలో పచ్చిక మూసేసినప్పుడు డూగల్ అక్కడే చేతికి సాధన చేసేవాడు. వంటగది గుమ్మం దగ్గర వంగి వదిలితే గుండు గోడవారగా వెళ్ళి, వంపు తిరిగి, బల్ల ఎడమకాలిని టక్కుమని ముట్టుకునేది. భార్య ఎల్స్పెత్ బతికున్నప్పుడు వంటింట్లోంచే "తలుపు తియ్యండి, ఎవరో వచ్చారు" అని ఎగతాళి చేసేది.

వంగి వదిలాడు. టక్కుమంది.

మనసు కుదుటపడాలి. పడలేదు. ఎందుకంటే ఎల్స్పెత్ కూడా ఇంట్లో బాగానే ఉండేది. ఆమె జబ్బు మొదట బయటపడింది పచ్చిక మీదే. ఒకరోజు గుండుని తిరగేసి పట్టుకుని వేసింది. అది ఒరగాల్సిన వైపు కాకుండా ఎదురువైపు ఒరిగి పక్కవాళ్ళ ఆటలోకి దూరింది. కొత్తవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యని పొరపాటు. అందరూ నవ్వారు. ఆమే అందరికంటే గట్టిగా నవ్వింది. ఏడాది తిరిగేసరికి, "ఈ ఇల్లు ఎవరిదండీ? బాగుంది," అని భర్తనే అడిగింది.

ఇప్పుడు తన వంతు వచ్చిందా? డూగల్‌కి ఉన్నది ఆ ఒక్క భయమే.

శనివారం పక్క ఊరివాళ్ళతో పోటీ. డూగల్‌కి అయిదో వరుస పడింది. మొదట్లో బాగానే ఆడాడు. చివరి గుండు మాత్రం ఆరో వరుస అంచుని ఒరుసుకుంటూ తిరగాలి. తిరిగింది, కానీ రావాల్సిన చోటికి రాలేదు. ఆట పోయింది.

"ఒరేయ్ డూగల్," అని వరండాలోంచి కేకేశాడు ఫెర్గస్ బెయిర్డ్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. నిరుటి దాకా ఊళ్ళో మాంసం కొట్టు నడిపిన ఫెర్గస్‌కి గొంతూ, నాలుకా రెండూ పదునే. "నీ గుండుకి ఇంటి అడ్రసు చెప్పలేదట్రా? ఊరు చూడ్డానికి పోయింది!"

అందరూ నవ్వారు. ఒక్క క్షణం డూగల్ నాలిక చివర ఒక మాట మెదిలింది: నేల. కానీ ఆ మాట గ్లెన్‌హార్డీలో ఎవరూ అనరు. ఆ పచ్చిక ఊరి బొగ్గు గనుల్లో పనిచేసిన తాతలు వేసింది. సెలవు రోజుల్లో సముద్రపు ఒడ్డు నుంచి గడ్డిపెళ్ళలు బండ్ల మీద తెచ్చి, మోకాళ్ళ మీద పాకుతూ పరిచారు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు ఎవడైనా పచ్చిక మీద నింద వేస్తే, అందరి ముందూ వంగి ఆ గడ్డిని ముద్దుపెట్టుకోవాలి. అది క్లబ్బు ఆచారం. ఆ తలవంపులకి జడిసి ఎవడి తప్పు వాడే మింగేవాడు. డూగల్ కూడా మింగాడు.

సాయంత్రం క్లబ్బు ప్రెసిడెంటు మొయిరా హాల్డేన్ ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. చేతిలో రెండు కప్పుల టీ. ఒకదాని మీద సాసరు మూసి తెచ్చింది, చల్లారకుండా.

"రేపు కొత్తవాళ్ళ పండగ కదా," అంది. "జనం బాగా వస్తారు. పాఠం ఫెర్గస్ చెబుతాడు లెండి."

"నేనో?"

"మొదటి జాక్ మీరు వెయ్యండి. చప్పట్లు కొడతాం. ఆ తర్వాత... కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుందురుగాని."

డూగల్ టీ కప్పులోకి చూశాడు. "ఎల్స్పెత్ గుర్తొస్తోందా నీకు?"

"నాకే కాదు, మీకూ గుర్తొస్తోంది," అంది మొయిరా మెల్లిగా. "ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను. కారు నేను నడుపుతాను, మాట్లాడకుండా."

ఆమె మాట్లాడకుండా ఉండడమంటే మాటలు కాదు. డూగల్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తలూపాడు.

ఆదివారం ఎండ కాసింది. వరండాలో పళ్ళాల నిండా స్కోన్లనే చిన్న రొట్టెలు, జామ్, పెద్ద పాత్రలో టీ. మెత్తటి బూట్లు వేసుకున్న కొత్త జనం పచ్చిక మీద నవ్వుకుంటూ తిరుగుతున్నారు. ఆరో వరుస మధ్యలోనే ఎక్కువమంది గుంపుగా ఉన్నారు. మొయిరా వాళ్ళని రెండు పక్కలకీ జరిపి దారి చేసింది.

డూగల్ వంగి జాక్ వదిలాడు. ఈసారి వెనక్కి తిరగలేదు.

జాక్ తిన్నగా వెళ్ళింది. సగం దూరంలో, ఎవరో పిలిచినట్టు, కంచె వైపు తిరిగింది. తిరిగి, వంగి, గుంపులో ఒకామె బూటుని తాకి ఆగింది.

చప్పట్లకి సిద్ధంగా ఉన్న చేతులు అలాగే ఉండిపోయాయి.

"గుండుని వంకరగా వేసేవాళ్ళని చూశాం గానీ," అన్నాడు ఫెర్గస్, "జాక్‌నే వంకరగా వేసిన మొనగాడివి నువ్వొక్కడివేరా!"

జనం నవ్వారు. డూగల్ నవ్వలేదు. ఆ ఎగతాళి మాటే ఆయన తలలో తాళంచెవిలా తిరిగింది. ఎల్స్పెత్ గుండుని తిరగేసి పట్టుకుంది. గుండుకి అటూ ఇటూ ఉంది కాబట్టి తిరగెయ్యగలిగింది. జాక్‌కి అటూ ఇటూ లేదు. మతి పోయిన చెయ్యైనా, వణికే చెయ్యైనా, ఏ చెయ్యీ జాక్‌ని సగం దారిలో వంచలేదు.

"తప్పు నాది కాదు," అన్నాడు. "నేలది."

ఫెర్గస్ చేతులు బారజాపి అరిచాడు. "విన్నారా! మాస్టారు పచ్చిక మీద నింద వేశారు! వంగరా, వంగు! ముద్దు!"

పాతవాళ్ళు తాళం వేసినట్టు చప్పట్లు కొట్టసాగారు. మొయిరా "వద్దులే ఫెర్గస్" అంటున్నా ఎవరూ వినలేదు. డూగల్ మోకాళ్ళు వంచాడు. కర్స్టీ వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఆయన చెంప గడ్డికి ఆనింది.

అక్కడి నుంచి చూస్తే లోకం వేరేగా ఉంది. ఎదురుగా పచ్చటి అంచు ఒకటి కత్తిలా సాగింది. దాని అవతల, వరుస మధ్యలో నిలబడ్డవాళ్ళ బూట్లు సగమే కనబడ్డాయి. అడుగుభాగాలు లేవు. నిలబడి చూసేవాడికి బల్లపరుపుగా కనబడే చోట నేల పళ్ళెంలా దిగిపోయి ఉంది.

తర్వాత వాసన తగిలింది. పచ్చిక చుట్టూ ఉన్న చిన్న కాలువ పలకల సందులోంచి చల్లగా వస్తోంది. తడిసిన రాయి, పాత కర్ర, కుళ్ళిన నీళ్ళు. డూగల్ చిన్నప్పుడు ఆ వాసన రోజూ సాయంత్రం ఇంటికి వచ్చేది, నాన్న కోటు మీద. గని మూసేశాక మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు. ఈ ఊరి కింద ఎటు ఎంత తవ్వారో తవ్వినవాళ్ళకే తెలుసు. వాళ్ళు లేరు.

లేచి నిలబడ్డాడు. "అందరూ పచ్చిక దిగండి," అన్నాడు. బడి గొంతు అది. "పరిగెత్తకండి. మెల్లిగా. ఇప్పుడే."

ఎవరూ కదల్లేదు. ఒకరిద్దరు జాలిగా చూశారు. మొయిరా మొహంలో కూడా ఆ జాలి కనబడింది.

డూగల్ వెళ్ళి జాక్ తీసుకుని పళ్ళెం అంచున, గడ్డి మీద, రెండు చేతులతో పెట్టాడు. చేతులు తీసేశాడు. జాక్ నిలబడింది. ఫెర్గస్ ఏదో అనబోయాడు.

అప్పుడు జాక్ కదిలింది. ఎవరూ ముట్టుకోకుండానే, తొందర లేకుండా, గుంపు వైపు దొర్లసాగింది.

ఫెర్గస్ నోరు తెరిచే ఉంది. అందులోంచి ఈసారి వేరే మాట వచ్చింది. "దిగండి! దిగండ్రోయ్!" అంటూ కొట్టులో మేకపిల్లని ఎత్తినట్టు ఒక ముసలామెని ఎత్తుకుని గట్టు మీద పెట్టాడు. వెనక్కి వెళ్ళి ఇంకొకరి చెయ్యి పట్టుకుని లాగాడు. మొయిరా, కర్స్టీ మిగిలినవాళ్ళని మెట్ల వైపు తోలారు. చివరికి ఫెర్గస్ వచ్చి స్నేహితుడి నడుం చుట్టూ చెయ్యివేసి, "నడు, నడు, తర్వాత తిడుదువుగాని," అంటూ నడిపించాడు.

కప్పుల్లో టీ చల్లారకముందే అది జరిగింది. పెద్ద చప్పుడేం లేదు. నిద్రలో ఎవరో లోపలికి గట్టిగా ఊపిరి పీల్చినట్టు వినబడింది. ఆరో వరుస మధ్యలో గడ్డి మడతపడింది. ఆ మడతలోకి జాక్ వెళ్ళింది, తర్వాత ఫెర్గస్ పాఠానికని పేర్చిన గుండ్లు వెళ్ళాయి, తర్వాత కంచె పక్క బెంచీ. గుండ్లు అడుగుని తాకే చప్పుడు కోసం అందరూ చెవులు రిక్కించారు. అది రాలేదు.

మొయిరా డూగల్ చెయ్యి పట్టుకుంది. "డాక్టరు వద్దులెండి," అంది.

ఊరి కౌన్సిల్ మనుషులు వచ్చి పచ్చిక చుట్టూ తాడు కట్టారు. చుట్టుపక్కల వీధుల సంగతి రేపు పొద్దున పరీక్షిస్తామని చెప్పి వెళ్ళిపోయారు. డూగల్ ఇంటికొచ్చాడు. వెలుతురు ఇంకా ఉంది. టీ కోసం నీళ్ళు పెట్టాడు. మతి పోలేదు. చెయ్యి పోలేదు. ఆ మాట ఎల్స్పెత్‌కి చెప్పాలనిపించింది. చెప్పే పద్ధతి ఒక్కటే తెలుసు.

గుండు తీసుకుని వంటగది గుమ్మం దగ్గర వంగాడు. వదిలాడు. అలవాటుగా కళ్ళు మూసుకుని టక్కు కోసం చెవి ఒగ్గాడు.

గుండు గోడవారగా వెళ్ళింది. వంపు తిరిగింది. టక్కుమనలేదు. తివాచీ మీద ఆ మెత్తటి చప్పుడు ఆగకుండా ఇంకా సాగుతూనే ఉంది. కళ్ళు తెరిచేసరికి అది బల్లకాలిని వదిలేసి, కంచె వైపు గోడ దాకా వెళ్ళి, దానికి ఆనుకుని నిలిచింది.

రెండోసారి వేసి చూడాలని ఆయనకి తోచలేదు. ఈసారి చేతిని అనుమానించలేదు. పొయ్యి ఆర్పాడు, కొక్కేనికున్న కోటు తీసుకున్నాడు, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతోనే బయటికొచ్చి పక్కింటి తలుపు దబదబా బాదాడు.

"తలుపు తియ్యండి! పిల్లల్ని తీసుకుని బయటికి రండి!" అన్నాడు. లోపల్నుంచి ఎవరో విసుగ్గా ఏమిటని అడుగుతుండగానే, ఆయన ఆ తర్వాతి ఇంటి గేటు తీస్తున్నాడు.